బండ పడితే ఎవరి ఖర్చు? టెండర్ పద్ధతుల గొడవ అసలు దేని గురించి

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రకాశం జిల్లాలో ఒక కాలువ పని మీద ఉండేవాణ్ణి, ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీరుగా. ఒకరోజు పొక్లెయిన్ మూడు మీటర్లు తవ్వేసరికి బకెట్ పళ్ళు కిర్రుమన్నాయి, కింద బండ. మర్నాడు డిపార్ట్‌మెంట్ ఏఈ గారు బైకు మీద వచ్చి, గోతిలోకి దిగి, ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది హెచ్‌డీఆర్ కిందకే వస్తది, హార్డ్ రాక్ కాదు" అన్నారు. మా మేస్త్రి ఊరుకోలేదు, "సార్, బ్రేకర్ పెట్టినా పెచ్చు లేవట్లా, రేపు మందు పెట్టి పేల్చాల్సిందే, ఇది హార్డ్ రాక్ కాకపోతే ఇంకేంది సార్" అని అడ్డం తగులుకున్నాడు. అలా గంటసేపు, ఎర్రటి ఎండలో, ఒక రాతిముక్క పేరు ఏంటి అనేదాని మీద వాదన నడిచింది.

బయటివాళ్ళకి ఇది కామెడీగా ఉంటుంది గానీ ఆ పేరుని బట్టే రేటు. మట్టికి ఒక రేటు, గ్రావెల్‌కి ఒక రేటు, హెచ్‌డీఆర్‌కి అంటే విడిపోయి వదులైన రాయికి ఒకటి, పగుళ్ళున్న రాయికి ఒకటి, బ్లాస్టింగ్ చేయాల్సిన హార్డ్ రాక్‌కి ఇంకొకటి, పై నుంచి కింది దాకా వచ్చేసరికి రేటు ఎన్నో రెట్లు అవుతుంది. చివరికి కొంత ఇదీ కొంత అదీ అని ఎంబీలో, అంటే మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కింది, మా సబ్ కాంట్రాక్టర్ ఆ ఏడాది ఒక టిప్పర్ అమ్ముకున్నాడు. పై కాంట్రాక్టర్‌కి ఏమీ కాలేదు, ఎందుకంటే ఆయన మాకు ఇచ్చింది క్యూబిక్ మీటరుకి ఒకే గుండుగుత్త రేటు, బండ పడితే నీ ఖర్మ అన్నమాట.

ఈపీసీ, హ్యామ్, పీపీపీ, స్విస్ ఛాలెంజ్, రివర్స్ టెండరింగ్ అని పేపర్లో రోజూ చదువుతుంటాం, టీవీ డిబేట్‌లో ఒకాయన ఇదే దోపిడీ అంటాడు, ఇంకొకాయన ఇదే పారదర్శకత అంటాడు. నాకు మాత్రం ఆ గోతి దగ్గర వాదనే గుర్తొస్తుంది. భూమి కింద ఏముందో, స్టీలు రేటు ఎంత పెరుగుతుందో, రోడ్డు మీద ఎన్ని లారీలు తిరుగుతాయో ముందు ఎవరికీ తెలీదు, ఆ తెలియనిదాని ఖర్చు ఎవరి నెత్తిన పడాలి అనేదే కాంట్రాక్ట్ పద్ధతి. మిగతాదంతా కాగితం పని.

ఇల్లు కట్టించుకున్న ప్రతివాడికీ ఇది తెలిసిన సంగతే. ఇసుక, సిమెంటు, ఇటుక మనం తెప్పించి మేస్త్రికి లేబర్ కాంట్రాక్ట్ ఇస్తే రేట్లు పెరిగినా వేస్టేజీ ఎక్కువైనా నష్టం మనదే, కానీ గోడ ఎంత మందం, కిటికీ ఎక్కడ అనేది మన చేతిలో ఉంటుంది. అలా కాకుండా మెటీరియల్‌తో కలిపి ఎస్ఎఫ్‌టీకి ఇంత అని బిల్డర్‌కి అప్పజెప్తే మనకి తలనొప్పి లేదు, కానీ వాడు ఏ కంపెనీ వైరు వేశాడో పుట్టీ కింద ఏం దాచాడో మనకి తెలీదు. బోరు వేయించేటప్పుడు అడుగుకి ఇంత, కేసింగ్ వేరే అని మాట్లాడుకుంటామే, అది అచ్చమైన ఐటెం రేట్ కాంట్రాక్ట్, నీళ్ళు పడకపోయినా లారీవాడికి డబ్బులు ఇవ్వాల్సిందే, రిస్క్ మొత్తం రైతుది.

ప్రభుత్వ పనుల్లో పాతకాలం నుంచీ ఉన్నది ఈ బోరు పద్ధతే. డిపార్ట్‌మెంటే డిజైన్ వేస్తుంది, ఎస్ఎస్ఆర్, అంటే ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక, పట్టుకుని ఎస్టిమేట్ కడుతుంది, కాంట్రాక్టర్లు ఆ ఎస్టిమేట్ మీద ఇంత శాతం లెస్ అనో ఇంత ఎక్సెస్ అనో కోట్ చేస్తారు, తక్కువ వేసినవాడు ఎల్1, పని వాడిది. పని మొదలుపెట్టే ముందు ప్రీ లెవెల్స్ తీసుకుంటారు, తవ్వాక మళ్ళీ లెవెల్స్ తీస్తారు, ఎంత తవ్వితే అంతకి బిల్లు. న్యాయంగానే ఉంది కదా, మరి ఇబ్బంది ఎక్కడంటే, డిజైన్ వేసింది డిపార్ట్‌మెంట్ కాబట్టి డిజైన్‌లో తప్పుంటే ఆ ఖర్చు డిపార్ట్‌మెంట్‌దే, క్వాంటిటీలు పెరిగితే బిల్లూ పెరుగుతుంది, ప్రతి మీటరూ కొలవాలి, కొలిచే చోట బేరాలు. వందల కిలోమీటర్ల కాలువలకి అంతమంది ఏఈలు ఎక్కడున్నారు?

లెస్ గురించి కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నాటి జీవో 94 ప్రకారం ఎస్టిమేట్ మీద 5 శాతం కంటే ఎక్కువ ఎక్సెస్ వేస్తే టెండర్ చెల్లదు, అలాగే 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ దాటిన తేడాకి అదనంగా గ్యారెంటీ కట్టాలి. అంటే 100 రూపాయల పనికి 28 లెస్ వేస్తే ఆ 3 రూపాయలకి బ్యాంకు గ్యారెంటీ అన్నమాట. ఎస్టిమేట్‌లో కాంట్రాక్టర్ లాభం కలిపి వేస్తారు కాబట్టి కొంత లెస్ సహజమే, కానీ 28 లెస్‌కి పని ఎలా అవుతుంది? అవదు. వేసేవాడికీ తెలుసు. కొందరు రొటేషన్ కోసం వేస్తారు, పాత పని అప్పు కొత్త పని అడ్వాన్సుతో తీరుస్తారు. కొందరు మధ్యలో క్వాంటిటీలు పెంచుకోవచ్చని వేస్తారు. కొందరు ఇంకో ముగ్గురికి ముక్కలు చేసి ఇచ్చేసి తమ పర్సెంటేజీ తాము ఉంచుకుంటారు, ఆ ఆఖరి ముక్క మా టిప్పర్ అమ్ముకున్న ఆయనలాంటి వాడికి వస్తుంది. ఎల్1 పద్ధతిని తిట్టేవాళ్ళు అది క్వాలిటీ చంపుతుంది అంటారు, నిజమే, కానీ నాకు అంతకంటే పెద్ద తప్పు అనిపించేది ఏంటంటే, రిస్క్ చివరికి అందరికంటే తక్కువ డబ్బున్న వాడి దగ్గరకి జారిపోవడం.

ఈ కొలతల గోలంతా వదిలించుకుందామనే ఈపీసీ వచ్చింది. ఇంజనీరింగ్, ప్రొక్యూర్‌మెంట్, కన్‌స్ట్రక్షన్ మూడూ కాంట్రాక్టర్‌వే, మొత్తానికి ఒకే ధర, ఎస్ఎఫ్‌టీ బిల్డర్ లాగా. 2004లో మొదలైన జలయజ్ఞం దీని మీదే నడిచింది, 86 ప్రాజెక్టులు, లక్షల కోట్ల లెక్క, దేశంలో ఏ రాష్ట్రమూ ఒకేసారి అంత పెద్ద ఎత్తున సాగునీటి పనులకి ఈపీసీ పెట్టలేదంటే అతిశయోక్తి కాదనుకుంటా. ఎస్టిమేట్ స్థానంలో ఇంటర్నల్ బెంచ్ మార్క్, ఐబీఎం అని ఒకటి పెట్టారు. డిపార్ట్‌మెంట్ తన లోపల వేసుకున్న అంచనా అది, దాని మీద లెస్ గానీ ఎక్సెస్ గానీ. సర్వే, ఇన్వెస్టిగేషన్, డిజైన్ అన్నీ కాంట్రాక్టరే చేసుకుంటాడు.

అసలు పేచీ ఇక్కడే మొదలైంది. సరైన సర్వే లేకుండా ఐబీఎం ఎలా వేశారు? కాగ్ 2012 నివేదికలో తప్పుపట్టిన ముఖ్యమైన విషయాల్లో ఇదొకటి. భూమి చేతికి రాకముందే, అటవీ అనుమతులు రాకముందే అగ్రిమెంట్లు అయ్యాయి. ఇంకో తమాషా ఏంటంటే, కాంట్రాక్టర్ నిజంగా సర్వే చేశాక కాలువ పొడవు తగ్గిందనుకోండి, కాంక్రీట్ క్వాంటిటీ తగ్గిందనుకోండి, ధర మాత్రం తగ్గదు, ఎందుకంటే అది మొత్తానికి మాట్లాడుకున్న ధర. మిగిలింది కాంట్రాక్టర్‌ది. పెరిగితే? పేపరు మీద పెరిగింది కూడా కాంట్రాక్టర్‌దే అవ్వాలి. కానీ పెరిగినప్పుడు అది స్కోపులో లేదని, అదనపు పని అని, ధరలు పెరిగాయని ఫైలు కదులుతుంది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన జీవో 22, తర్వాత జీవో 63 అలా పాత ఈపీసీ పనులకి పెరిగిన ధరలు ఇవ్వడానికి తెచ్చినవే. ఇవ్వకపోతే పనులు ఆగిపోతాయి అనేది ప్రభుత్వం వైపు మాట, అందులోనూ నిజముంది, పదేళ్ళు భూమి ఇవ్వకుండా ఆపి పదేళ్ళ కిందటి రేటుకి చేయమంటే ఎవడు చేస్తాడు. కానీ దీంతో ఏమైందంటే లాభం వస్తే ఈపీసీ, నష్టం వస్తే ఐటెం రేట్. తగ్గుదల కాంట్రాక్టర్‌ది, పెరుగుదల ప్రభుత్వానిది.

ఈపీసీ చెడ్డదా అంటే కాదు. ఒక పవర్ ప్లాంట్‌కో నీళ్ళ ట్రీట్‌మెంట్ ప్లాంట్‌కో ఈపీసీ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మనకి కావాల్సింది ఏంటో స్పష్టంగా తెలుసు, ఇన్ని మెగావాట్లు, ఇన్ని లీటర్లు, టెస్ట్ చేసి తీసుకుంటాం. కాలువకి అలా కాదు, ఏ ఊరు పక్కన ఏ నేల తగులుతుందో తవ్వితే గానీ తెలీదు.

పోలవరం సంగతి చూడండి, ఒకే పని మీద ఎన్ని పద్ధతులు మారాయో. 2013లో హెడ్ వర్క్స్, అంటే ప్రధాన డ్యామ్ పని, 4,717 కోట్ల ఐబీఎం మీద 14.05 శాతం లెస్‌కి, 4,054 కోట్లకి, ట్రాన్స్‌ట్రాయ్ జాయింట్ వెంచర్‌కి ఈపీసీలో వెళ్ళింది. పని నడవట్లేదని 60సీ అనే క్లాజు వాడారు, ఇరిగేషన్ వాళ్ళ నోట ఈ నెంబరు బూతులాగా వినిపిస్తుంది, అంటే కాంట్రాక్టర్ దగ్గర్నుంచి పనిలో కొంత భాగం తీసేసి వాడి ఖర్చు మీద వేరేవాళ్ళకి ఇవ్వడం. అలా 2018లో నవయుగ వచ్చింది. 2019లో ప్రభుత్వం మారింది, నవయుగ పోయింది, రివర్స్ టెండరింగ్ వచ్చింది, హెడ్ వర్క్స్ మిగిలిన పనీ జలవిద్యుత్ కేంద్రమూ కలిపి 4,987 కోట్ల విలువ మీద మేఘా 12.6 శాతం లెస్‌కి తీసుకుంది, 628 కోట్లు ఆదా అని ప్రకటించారు. తర్వాత వరదలకి డయాఫ్రమ్ వాల్, అంటే డ్యామ్ కింద నీళ్ళు ఊరకుండా భూమిలో కట్టే గోడ, దెబ్బతింది, దాని బదులు కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది. ఎవరి హయాంలో ఎవరి తప్పు అనేది రెండు పార్టీల వాళ్ళూ ఇప్పటికే చాలా బాగా చెప్పుకుంటున్నారు కాబట్టి నేను అందులోకి వెళ్ళను. కాంట్రాక్ట్ కోణంలో మాత్రం ఒక్కటి, పని మధ్యలో చేతులు మారిన ప్రతిసారీ పాతవాడు కట్టినదానికి కొత్తవాడు బాధ్యత తీసుకోడు, ఆ సందులో పడిన నష్టం మొత్తం ఓనర్‌ది, అంటే మనది. 628 కోట్ల ఆదా లెక్కేసే కాగితంలో ఆ సందుకి కాలమ్ ఉండదు.

రివర్స్ టెండరింగ్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు, వేలంపాటని తిరగేయడం. ముందు అందరూ సీల్డ్‌గా ధర వేస్తారు, అందులో తక్కువ ధరని చూపించి ఆన్‌లైన్‌లో ఇంకా తగ్గేవాడు ఎవడు అని పాట పెడతారు. కంప్యూటర్లు, బస్సులు, బొగ్గు లాంటి వాటికి బాగుంటుంది, ఏది కొంటున్నామో తెలుసు కదా. కట్టబోయే పనికి పెడితే ఎల్1 జబ్బుకి ఇంకో డోసు ఎక్కించినట్టే. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ దీన్ని తీసేసి పాత పద్ధతికి వెళ్ళిపోయింది, టెండర్లని ముందే జడ్జి చూసే జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టాన్ని కూడా తర్వాత రద్దు చేశారు. ఆ ప్రివ్యూ ఆలోచన మాత్రం పూర్తిగా చెడ్డదని నాకు అనిపించలేదు, టెండర్ షరతులు ఒక కంపెనీ కొలతకి కుట్టారా లేదా అని ముందే బయటవాళ్ళు చూడటంలో తప్పేముంది.

ఇంక ప్రైవేటు డబ్బుతో కట్టే పద్ధతులు. ఇందులో పాతది బీవోటీ టోల్, కట్టు, టోల్ వసూలు చేసుకో, పాతికేళ్ళ తర్వాత అప్పజెప్పు. ఇక్కడ తెలియనిది బండ కాదు, ట్రాఫిక్. హైదరాబాద్ విజయవాడ హైవే జీఎంఆర్ వాళ్ళు ఇలాగే నాలుగు లైన్లు చేసి 2012 చివర్లో టోల్ మొదలుపెట్టారు. లెక్కలన్నీ వేసుకునే ఉంటారు, ఇసుక లారీలు ఇన్ని, సిమెంటు లారీలు ఇన్ని, సంక్రాంతికి కార్లు ఇన్ని అని. రాష్ట్రం రెండు ముక్కలవుతుందని ఏ ఎక్సెల్ షీట్‌లో వేస్తారు? విభజన జరిగింది, ఇసుక పాలసీలు మారాయి, లారీలు తగ్గాయి, మాకు నష్టం వచ్చిందని కంపెనీ ఆర్బిట్రేషన్‌కి వెళ్ళింది, 2020లో ట్రిబ్యునల్ కూడా అది చేంజ్ ఇన్ లా, అంటే చట్టం మారడం వల్ల వచ్చిన నష్టం, కిందకి వస్తుందని ఒప్పుకుంది. చివరికి 2024 జులై నుంచి ఆ రోడ్డు టోల్ జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చేతికి వచ్చేసింది. సంక్రాంతికి పంతంగి దగ్గర గంటలు గంటలు నిలబడిన మనకేమో ఈ రోడ్డుకి నష్టం అంటే నమ్మబుద్ధి కాదు, కానీ టోల్ కంపెనీ బతికేది పండగ కార్ల మీద కాదు, రోజూ తిరిగే లారీల మీద.

దేశమంతా ఇలాంటి అనుభవాలే అయ్యి, బ్యాంకులు రోడ్లకి అప్పులివ్వడం మానేస్తే, 2016లో కేంద్రం హైబ్రిడ్ యాన్యుటీ మోడల్ తెచ్చింది, అదే హ్యామ్. 1,000 కోట్ల రోడ్డు అనుకోండి, 400 కోట్లు కట్టేటప్పుడే విడతలుగా ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 600 కాంట్రాక్టర్ సొంత డబ్బో బ్యాంకు అప్పో తెచ్చి పెడతాడు, రోడ్డు అయ్యాక పదిహేనేళ్ళపాటు ఆరునెలలకోసారి వడ్డీతో కలిపి ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, ఆ పదిహేనేళ్ళూ రోడ్డు మెయింటెనెన్స్ వాడిదే. టోల్ ప్రభుత్వం వసూలు చేసుకుంటుంది, లారీలు తగ్గితే ప్రభుత్వం బాధ. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఏంటంటే కట్టినవాడే పదిహేనేళ్ళు గుంతలు పూడ్చాలి, అందుకని మొదట్లోనే తారు సరిగ్గా వేస్తాడు, కనీసం వేయాలనే ఆశ ఉంటుంది. నచ్చనిది, ఆ 600 కోట్లు అప్పు కాదన్నట్టు కనిపించే అప్పు. ఇవాళ బడ్జెట్‌లో కనపడదు, రేపు పదిహేను బడ్జెట్లలో కనపడుతుంది, అప్పటికి రిబ్బన్ కట్ చేసినవాళ్ళు ఎక్కడుంటారో. తుని అనకాపల్లి హైవే వంద శాతం యాన్యుటీ మీద, అంటే మొత్తం డబ్బూ తర్వాత వాయిదాల్లో ఇచ్చేలా, ఇరవై ఏళ్ళ కిందటే కట్టారు, కాబట్టి ఈ ఆలోచన మరీ కొత్తదేం కాదు.

పీపీపీ, అంటే ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి చేసే పద్ధతి, అనగానే హైదరాబాద్ మెట్రో చెప్పకుండా ఎలా. 2008లో టెండర్ వేస్తే మేటాస్ కన్సార్షియం ప్రభుత్వం ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు, మేమే 35 ఏళ్ళలో 30,311 కోట్లు ఎదురిస్తాం అంది. ప్రపంచంలో మెట్రోలన్నీ టికెట్ల మీద బతకలేక ఏడుస్తుంటే ఇదెలా అని ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారు అప్పుడే లెటర్ రాశారు, మెట్రో పేరుతో భూముల వ్యాపారం అవుతుందన్నది ఆయన భయం, దానికి ప్రభుత్వం ఆయన మీద పరువు నష్టం దావా వేస్తానంది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కూలింది, మేటాస్ కూడా ఆ కుటుంబానిదే, సత్యం ఇంగ్లీష్ స్పెల్లింగ్ తిరగేస్తే వచ్చేదే ఆ పేరు, జులైకి మెట్రో అగ్రిమెంట్ రద్దు. మళ్ళీ టెండర్ వేస్తే 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది, ఈసారి ఎదురివ్వడం కాదు, 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, అంటే లెక్క గిట్టుబాటు కావడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, కావాలంది. అదే ఊరు, అవే రోడ్లు, రెండేళ్ళ తేడాలో రెండు లెక్కలు, ఒకటి ప్లస్ ముప్పై వేల కోట్లు, ఇంకోటి మైనస్. 2017 నవంబర్‌లో రైలు కదిలింది, తర్వాత కరోనా, నష్టాలు, అప్పులు. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వమే దీన్ని తీసుకోవడానికి ఒప్పుకుంది, సుమారు 13 వేల కోట్ల అప్పు ప్రభుత్వం మీదకి, కంపెనీ పెట్టుబడికి ఓ 2 వేల కోట్లు. కట్టడం మాత్రం బాగా కట్టారు, అది ఒప్పుకోవాలి. కానీ ప్రయాణికుల సంఖ్య అనే తెలియనిదాన్ని ప్రైవేటు నెత్తిన పెట్టాం అనుకున్నాం, అది పదిహేనేళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ మన గుమ్మంలోకే వచ్చింది. మెట్రోని మూసేయలేం కదా, ఆ సంగతి ఇద్దరికీ మొదట్నుంచీ తెలుసు.

స్విస్ ఛాలెంజ్ గురించి ఎక్కువ చెప్పను. ఒక కంపెనీ తనంతట తనే ప్రపోజల్ పట్టుకొస్తుంది, ప్రభుత్వం దాన్ని బయటపెట్టి ఇంతకంటే బాగా చేసేవాడు ఉంటే రండి అంటుంది, ఎవరైనా వస్తే మొదటివాడికి ఆ ధర మ్యాచ్ చేసే ఛాన్స్ ఇస్తుంది. సుప్రీంకోర్టు 2009లో పద్ధతిని తప్పు పట్టలేదు. అమరావతిలో 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియాకి సింగపూర్ కన్సార్షియంతో ఇలాగే చేశారు, 2016లో హైకోర్టు స్టే, చట్ట సవరణ, 2017లో ఒప్పందం, 2019 నవంబర్‌లో రద్దు. పెళ్ళికొడుకు ముందే ఖాయమైన స్వయంవరానికి మిగతావాళ్ళు ఎందుకొస్తారు?

సరే, బయట దేశాల్లో ఏం చేస్తున్నారు. అమెరికాలో 1990 నుంచి ఫెడరల్ హైవే వాళ్ళు ఎల్1 కాని పద్ధతుల్ని ప్రయోగాలుగా ఒప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు బాగా నచ్చింది ఏ ప్లస్ బీ అనే చిన్న లెక్క. కాంట్రాక్టర్ ధరతో పాటు ఎన్ని రోజుల్లో చేస్తాడో కూడా కోట్ చేయాలి, ఒక రోజు రోడ్డు మూసేస్తే జనానికయ్యే నష్టాన్ని రూపాయల్లో కట్టి ఆ రోజులతో గుణించి ధరకి కలుపుతారు. ఉదాహరణకి ఒకడు 40 కోట్లు 300 రోజులు అన్నాడు, ఇంకొకడు 43 కోట్లు 200 రోజులు అన్నాడు, రోజుకి జనం నష్టం 5 లక్షలు అనుకుంటే మొదటివాడిది 55 కోట్లు, రెండోవాడిది 53, పని రెండోవాడిది. మన ఫ్లైఓవర్ల కింద నాలుగేళ్ళు బారికేడ్ల మధ్య దుమ్ము మింగిన జనం టైముకి మన టెండర్లో ధర సున్నా, ఇది గమనించారా ఎప్పుడైనా?

1994 జనవరి 17న లాస్ ఏంజెల్స్ భూకంపంలో ఐ 10 ఫ్రీవే బ్రిడ్జీలు కూలిపోతే ఇలాగే పిలిచారు. సీసీ మైయర్స్ అనే కంపెనీకి 140 రోజుల గడువు, ఒక్కరోజు ముందు ఇస్తే 2 లక్షల డాలర్ల బోనస్, ఒక్కరోజు లేటైతే జరిమానా కూడా దాదాపు అంతే. పగలూ రాత్రీ షిఫ్టులు పెట్టి 66 రోజుల్లో అప్పజెప్పారు, 74 రోజులు ముందు, బోనస్ కోటీ 48 లక్షల డాలర్లు, దాదాపు పని విలువంత. మన దగ్గర ఇలా ఇస్తే మర్నాడు ఎంక్వయిరీ వేస్తారు, ఎస్ఈ గారు సస్పెండ్.

ఇంకోటి మినియాపొలిస్. 2007 ఆగస్టు 1న మిసిసిపీ మీద ఐ 35 డబ్ల్యూ బ్రిడ్జి కూలి 13 మంది చనిపోయారు. కొత్త బ్రిడ్జికి డిజైన్ బిల్డ్ పద్ధతిలో, ధర ఒక్కటే కాకుండా డిజైన్, అనుభవం, జనంతో వ్యవహారం అన్నిటికీ మార్కులు వేసి టెండర్ తేల్చారు, తీరా చూస్తే నలుగురిలో అందరికంటే ఎక్కువ ధర, 23 కోట్ల 40 లక్షల డాలర్లు వేసిన కంపెనీ గెలిచింది. పెద్ద గొడవైంది, కేసులు వేశారు. 2008 సెప్టెంబర్ 18కల్లా బ్రిడ్జి తెరిచారు, గడువు కంటే మూడు నెలల ముందు. ఎక్కువ ధర ఇచ్చినందుకే బాగా అయిందా అంటే నేను అంత మాట అనను, కానీ ఎల్1 కానివాడికి ఇచ్చి కూడా బతికి బట్టకట్టిన అధికారులు ఉన్నారని చెప్పడానికి పనికొస్తుంది.

మన దేశంలో కూడా తలుపు కొంచెం తెరుచుకుంది. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో నిర్మాణ పనులకి క్వాలిటీ మార్కులు కలిపే పద్ధతి వాడొచ్చు అన్నారు, అయితే ధర కాని వాటికి 30 శాతానికి మించి వెయిటేజీ ఉండకూడదు. అదే కాగితంలో ఇంకో వాక్యం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రన్నింగ్ బిల్లు పెట్టిన 10 పని దినాల్లో కనీసం 75 శాతం ఇచ్చేయాలి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అని. రాష్ట్రాల్లో చిన్న కాంట్రాక్టర్లకి బిల్లు ఎప్పుడొస్తుందో అడిగి చూడండి. నాకు తెలిసిన ఒకాయన సీసీ రోడ్డు వేశాడు, బిల్లు అప్‌లోడ్ అయ్యింది, టోకెన్ పడింది, ఆ తర్వాత రెండేళ్ళు ఫోన్‌లో స్టేటస్ చూసుకోవడమే ఆయన పని, బయట రెండు రూపాయల వడ్డీ. నా అభిప్రాయంలో ఏ టెండర్ పద్ధతికన్నా ముందు సరిచేయాల్సింది ఇది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట తెలివైనవాడు ఆ వడ్డీని ధరలో కలిపి వేస్తాడు, తెలివిలేనివాడు కలపకుండా వేసి ఎల్1 అవుతాడు, వాడి చేతిలో మన రోడ్డు.

డిజైన్ అయ్యేలోపే కాంట్రాక్టర్‌ని తెచ్చి కూర్చోబెట్టుకునే పద్ధతి కూడా ఒకటుంది, అమెరికాలో సీఎంజీసీ అంటారు. మొదట సలహాకి ఫీజు ఇస్తారు, ఇక్కడ పిల్లర్ వేస్తే మిషన్ తిరగదు, అక్కడ బోర్ హోల్స్ ఇంకో పది వేయండి అని వాడు చెప్తాడు, రిస్కులన్నీ ఒక రిజిస్టర్‌లో రాసుకుని ఏది ఎవరిదో పేరు పేరునా పంచుకుంటారు, డిజైన్ ఒక దశకొచ్చాక ధర మాట్లాడతారు, కుదరకపోతే నమస్కారం పెట్టి మామూలు టెండర్‌కి వెళ్తారు. వినడానికి బాగుంటుంది. మన దగ్గర పనిచేయాలంటే ప్రభుత్వం వైపు కూర్చున్న ఇంజనీరుకి ఆ ధర సరైనదో కాదో తేల్చే సత్తా, తేల్చాక సంతకం పెట్టే ధైర్యం రెండూ ఉండాలి. రిటైరయ్యాక కూడా విజిలెన్స్ నోటీసు వస్తుందనే భయంలో ఉన్నవాడు ఎల్1 దాటి ఎందుకు చూస్తాడు, వాణ్ణి అనడానికి కూడా లేదు.

మళ్ళీ బండ దగ్గరకి వస్తాను. ఈపీసీ కాంట్రాక్టులకి ప్రపంచమంతా మోడల్‌గా చూసే, ఫిడిక్ అనే అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సంఘం వాళ్ళ సిల్వర్ బుక్ అని ఒకటుంది, 1999లో వచ్చింది. దాని ముందుమాటలోనే రాసి ఉంటుంది, భూమి లోపల పని ఎక్కువగా ఉన్నచోట, టెండర్ వేసేవాళ్ళు ముందుగా వెళ్ళి చూడలేని చోట ఈ పద్ధతి పనికిరాదు అని. సొరంగాల కోసం వాళ్ళే 2019లో ఎమరాల్డ్ బుక్ అని వేరే కాంట్రాక్ట్ తెచ్చారు, అందులో భూమి లోపల ఏముందని అనుకుంటున్నామో ముందే ఒక బేస్‌లైన్ రిపోర్టులో రాసుకుంటారు, అందులో రాసిన దాకా కాంట్రాక్టర్ రిస్క్, దాటి ఏది వచ్చినా ఓనర్ రిస్క్. మా ఏఈ గారూ మేస్త్రీ ఎండలో వాదించుకున్నది ముందే కాగితం మీద తేల్చుకోవడమే అది.

ఎస్‌ఎల్‌బీసీ సొరంగం, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువది, దాదాపు 44 కిలోమీటర్లు. శ్రీశైలం వెనక నుంచి నల్లమల కింద, పైన పులుల అడవి, మధ్యలో ఎక్కడా పైనుంచి దారి చేసుకునే వీల్లేదు, రెండు వైపుల నుంచీ రెండు టీబీఎం మిషన్లతో తొలుచుకుంటూ రావాలి. ఇలాంటి పనిని 2005లో 1,925 కోట్లకి ఈపీసీలో ఇచ్చారు, అయిదేళ్ళ గడువు. నీటి ఊటలు, వరదలు, మిషన్ రిపేర్లు, డబ్బుల్లేక పని ఆగడం, గడువు మీద గడువు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు 14వ కిలోమీటర్ దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల ఉండిపోయారు, ఇద్దరి మృతదేహాలు బయటికి తీయగలిగారు. ఆ ఏడాది నవంబర్‌లో ఎన్‌జీఆర్‌ఐ అనే భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్ళ హెలికాప్టర్ ఒకటి కింద పెద్ద చక్రంలాంటి యంత్రం వేలాడదీసుకుని సొరంగం రెండో చివరనున్న మన్నెవారిపల్లి మీద తిరగడం మొదలుపెట్టింది, మిగిలిన సొరంగం దారిలో భూమి కింద ఏముందో చూడటానికి.